ఆన్‌లైన్‌లో చిన్న కారు: మైలేజీ కంటే ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న: మేము తెనాలిలో ఉంటాం. నేను గుంటూరులో ప్రైవేటు కళాశాలలో పనిచేస్తున్నాను. నా జీతం, నా భార్య జీతం కలిపి నెలకు రూ.68 వేలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చులు, పాప స్కూలు ఫీజుతో కలిపి రూ.44 వేలు అవుతాయి, రూ.6 వేలు మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలవారీ పెట్టుబడి) కడుతున్నాం. ఫిక్స్‌డ్ డిపాజిట్లలో రూ.4.60 లక్షలు ఉన్నాయి. నెలకు వెయ్యి కిలోమీటర్ల వరకూ తిరగడానికి మంచి మైలేజీ ఇచ్చే కొత్త చిన్న కారు కొనాలనుకుంటున్నాం. సెలెరియో, వ్యాగనార్, టియాగో ఆలోచనలో ఉన్నాయి. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే డౌన్ పేమెంట్ లేకుండా ఏడేళ్ల రుణం ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: కారు కొనవచ్చు, కానీ మీకు చూపించిన పద్ధతిలో కాదు, ఈ నెలలోనే అంతకంటే కాదు. ఎందుకో చెప్పే ముందు ధర సంగతి చూద్దాం, ఎందుకంటే ఆన్‌లైన్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఎక్స్‌షోరూం ధర మాత్రమే, మీ జేబులోంచి పోయేది ఆన్‌రోడ్ ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు, సీఎన్‌జీ కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గి, దానిపై ఉన్న సెస్సు కూడా పోయింది కాబట్టి ఆ తేదీకి ముందు రాసిన ధరల పట్టికలను పట్టించుకోకండి. మీరు చూస్తున్న రకం ఎక్స్‌షోరూం ధర రూ.5.80 లక్షలు అనుకుందాం. ఐదు లక్షలు దాటి పది లక్షలలోపు ఉన్న కారుకు ఆంధ్రప్రదేశ్‌లో జీవితకాల పన్ను సుమారు 14 శాతం, అంటే దాదాపు రూ.81 వేలు. బీమాకు రూ.32 వేలు, రిజిస్ట్రేషన్ రుసుములు, ఫాస్టాగ్ వంటి వాటికి మరో నాలుగు వేలు వేసుకుంటే మొత్తం రూ.7 లక్షలకు కాస్త అటూ ఇటూగా తేలుతుంది. ఇందులో లక్షకు పైగా తేడా మొదటి పేజీలో కనబడదు.

ఇప్పుడు ఆ ఏడేళ్ల రుణం. వడ్డీ 9 శాతం అనుకుని, ఏడు లక్షలూ అప్పుగానే తీసుకుంటే నెలకు రూ.11,260 చొప్పున 84 నెలలు కట్టాలి. వడ్డీ ఒక్కటే రూ.2.46 లక్షలు అవుతుంది. అంతకంటే ఇబ్బంది ఏమిటంటే, కారు విలువ తగ్గే వేగం ఈ రుణం తీరే వేగం కంటే ఎక్కువగా ఉంటుంది కాబట్టి మూడో ఏట అమ్మాల్సి వస్తే వచ్చిన డబ్బు అప్పు తీర్చడానికే చాలకపోవచ్చు. అదే మీ డిపాజిట్లలోంచి రూ.2.60 లక్షలు పెట్టుకుని, రెండు లక్షలు అత్యవసర నిధిగా కదపకుండా ఉంచి, మిగిలిన రూ.4.40 లక్షలకు ఐదేళ్ల రుణం తీసుకుంటే వాయిదా రూ.9,130, మొత్తం వడ్డీ రూ.1.08 లక్షలు. డిపాజిట్‌పై వచ్చే వడ్డీ కారు రుణం వడ్డీ కంటే తక్కువే కాబట్టి, అత్యవసర నిధిని మించి డిపాజిట్‌లో ఉన్న డబ్బును కారుకు వాడుకోవడంలో నష్టం లేదు.

అయితే వాయిదా ఒక్కటే కారు ఖర్చు కాదు. నెలకు వెయ్యి కిలోమీటర్లు, లీటరుకు నిజంగా 20 కిలోమీటర్లు వస్తుందనుకున్నా 50 లీటర్లు, లీటరు రూ.110 చొప్పున రూ.5,500. సర్వీసింగ్, ఏటా బీమా, ఎప్పటికైనా మార్చాల్సిన టైర్లు, బ్యాటరీ కలిపి నెలకు రెండు వేలు పక్కన పెట్టాలి. అంతా కలిపితే రూ.16,600 దాటుతుంది. ఖర్చులూ సిప్పూ పోగా మీకు మిగిలేది రూ.18 వేలు. ఇప్పటి బస్సు, బండి ఖర్చు కొంత తగ్గుతుందనుకున్నా ఇది బిగుతుగా ఉండే లెక్కే. అందువల్ల ఆరు నెలలు ఆగి, నెలనెలా రూ.16 వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పాప ఫీజు కట్టే నెలలో కూడా ఆ పొదుపు ఆగకపోతే కారును మోయగలరన్నమాట, ఆగితే ఏ నెలలో ఆగిందో మీకే తెలుస్తుంది. జమ అయిన రూ.96 వేలను కూడా డౌన్ పేమెంట్‌లో కలిపితే రుణం రూ.3.44 లక్షలకు తగ్గుతుంది. దాన్ని నాలుగేళ్లలో తీర్చేలా పెట్టుకున్నా వాయిదా రూ.8,560 మాత్రమే, వడ్డీ రూ.67 వేలలోపు. కారు కోసం సిప్ మాత్రం ఆపవద్దు.

మైలేజీ విషయంలో మీరు కొంచెం ఎక్కువే ఆందోళన పడుతున్నారని నా అభిప్రాయం. కంపెనీలు ప్రకటించే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి పరీక్షించినప్పుడు వచ్చేది. సెలెరియో పెట్రోలు మాన్యువల్‌కు అది 25 చిల్లర, ఒక లీటరు ఇంజిన్ వ్యాగనార్‌కు 24 చిల్లర, టియాగోకు 20 దరిదాపుల్లో ఉంటుంది. ఎండాకాలంలో ఏసీ వేసుకుని తిరిగితే ఈ అంకెల్లో అయిదో వంతు వరకూ తగ్గుతుందని ముందే అనుకోవడం మంచిది. మొదటి రెండింటి మధ్య కిలోమీటరు తేడా మీ వాడకానికి నెలకు రెండున్నర లీటర్లలోపే, అంటే రూ.260. దాని కోసం బేరం మార్చుకోనక్కర్లేదు. టియాగోతో పోలిస్తే మాత్రం నెలకు రూ.1,300 పైన తేడా వస్తుంది, ఐదేళ్లకు అది రూ.80 వేలు. ఆ మొత్తం ఎదురుగా పెట్టుకుని, 2020లో కార్లను ఢీకొట్టించి భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో టియాగోకు పెద్దల భద్రతలో నాలుగు స్టార్లు వచ్చాయన్నది కూడా చూడండి. మారుతీ సుజుకీ కూడా 2025 నుంచి సెలెరియో, వ్యాగనార్లలో అన్ని రకాలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తోంది. పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పే కారుకు ఈ లెక్క లీటరు లెక్క కంటే చిన్నదేం కాదు.

ఆటోమేటిక్ గేర్లున్న రకానికి మైలేజీ ఎక్కువని చెబుతారు. కాగితం మీద ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్ల తేడా ఉన్న మాట నిజమే, కానీ దాని ధర దాదాపు రూ.50 వేలు ఎక్కువ. కాలికి సుఖం కావాలంటే తీసుకోండి, పెట్రోలు ఆదా కోసం వద్దు. సీఎన్‌జీ లెక్క వేరు. అదనంగా పెట్టేది సుమారు రూ.90 వేలు. కిలో రూ.95, కిలోకు 26 కిలోమీటర్లు అనుకుంటే నెలకు రూ.1,850 మిగులుతుంది, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. మీరు నెలకు పదిహేను వందల కిలోమీటర్లు తిరిగేవారైతే రెండున్నరేళ్లు దాటగానే వచ్చేస్తుంది. వెయ్యి దగ్గరే ఉంటే, డిక్కీలో సగం చోటు సిలిండర్‌కు ఇచ్చేసి, మీ దారిలో బంకు ఎక్కడుందో వెతుక్కోవడం అంత లాభసాటి కాదు.

ఇక ఆన్‌లైన్ సంగతి. మీరు చూస్తున్న కార్లలో ఏదైనా సరే, వెబ్‌సైట్‌లో జరిగేది బుకింగే. ఇన్‌వాయిస్ ఇచ్చేది, కారు అప్పగించేది డీలరే. కాబట్టి ఇంట్లో కూర్చుని గుంటూరు, విజయవాడ డీలర్ల నుంచి మూడు కొటేషన్లు రాతపూర్వకంగా తెప్పించుకోవడానికి ఆన్‌లైన్‌ను వాడుకోండి. అసలు లాభం అక్కడే ఉంది. ఈ మధ్య ఒక పాఠకురాలు పంపిన కొటేషన్‌లో ఎక్స్‌షోరూం, పన్ను, బీమా తర్వాత 'ఎసెన్షియల్ కిట్' అని రూ.9,800 కనిపించింది. అడిగితే అది మ్యాట్లు, మడ్‌ఫ్లాపులు, సీటు కవర్లు, ఒక సువాసన డబ్బా. దాని కింద హ్యాండ్లింగ్ ఛార్జీలు మరో ఆరు వేలు. రెండూ తీసేయమని ఈమెయిల్ పంపగానే తీసేశారు. ఫోన్‌లో చెప్పిన తగ్గింపులకు విలువ లేదు, కొటేషన్ మీదకు ఎక్కినదే తగ్గింపు.

బీమా డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. 2022లో కేంద్రం ఖరారు చేసిన ధరల ప్రకారం వెయ్యి సీసీలోపు కారుకు ఇది జీఎస్టీ కాకుండా రూ.6,521, 1000 నుంచి 1500 సీసీ మధ్య అయితే రూ.10,640. ఏ సంస్థ అయినా ఇదే తీసుకోవాలి. తేడా వచ్చేదంతా మీ కారుకు జరిగే సొంత నష్టం విభాగంలోనూ, అదనపు రక్షణల్లోనూ. అక్కడ బేరమాడండి, కారు ప్రకటిత విలువను (ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే బీమా సంస్థ ఇచ్చే మొత్తం) తగ్గించి చౌకగా చూపిస్తున్నారేమో గమనించండి. మొదటి మూడేళ్లు జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగుదల కోయకుండా క్లెయిం ఇచ్చే అదనపు రక్షణ) ఉండటం మంచిదే.

బుకింగ్ డబ్బు కంపెనీ వెబ్‌సైట్‌లోనో, డీలర్ సంస్థ పేరిట ఉన్న ఖాతాకో మాత్రమే కట్టండి. సేల్స్ ఉద్యోగి వ్యక్తిగత యూపీఐకి ఒక్క రూపాయి కూడా వద్దు. రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో ముందే చదవండి. ఎక్కడైనా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. రుణం తీసుకునేటప్పుడు బ్యాంకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (రుణం ముఖ్య వివరాల పత్రం)లో వార్షిక రేటును చూడండి, ప్రాసెసింగ్ రుసుము కూడా అందులో కలిసి ఉంటుంది. వడ్డీ స్థిరమా, మారేదా, ముందే తీర్చేస్తే జరిమానా ఎంత అన్నవి కూడా అడగండి. మీకు బోనస్ వచ్చే అవకాశం ఉంటే ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం.

రిజిస్ట్రేషన్‌కు ముందే కారును వెళ్లి పగటి వెలుతురులో చూడండి. తయారీ సంస్థ ఇచ్చే ధ్రువపత్రమైన ఫారం 22లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. ఛాసిస్ నంబరు దానితో సరిపోవాలి. జనవరిలో కొని గత ఏడాది తయారైన కారు చేతికొస్తే, అమ్మేటప్పుడు ఒక ఏడాది విలువ పోతుంది. దానికి తగిన తగ్గింపు ఇస్తేనే ఒప్పుకోండి. ఓడోమీటరు, టైర్ల మీద తేదీ, రంగులో తేడాలు చూసుకుని, ఆ తర్వాతే పన్ను కట్టమనండి. ఒకసారి నంబరు పడితే కారును వెనక్కి ఇవ్వడం చాలా కష్టం. నాలుగేళ్ల తర్వాత చివరి వాయిదా కట్టగానే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ (కారు బ్యాంకు తనఖాలో ఉందన్న నమోదు) తీయించుకోండి. చాలామంది ఈ పని వాయిదా వేసి, కారు అమ్మే రోజున ఆ కాగితాల కోసం పరుగులు పెడుతుంటారు.