కాంట్రాక్ట్ చివరి ఏడాది నుంచి మొదలుపెట్టు తమ్ముడూ

తమ్ముడూ,

నీ ఆర్టికల్ రెండుసార్లు చదివా, ఒకసారి ఫోన్‌లో, ఇంకోసారి మా అమ్మాయి చేత ప్రింట్ తీయించుకుని. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఓడిపోతున్న టీమ్ ఫ్రీ ఏజెన్సీలో, అంటే కాంట్రాక్ట్ అయిపోయిన ప్లేయర్ల సంతలో, డబ్బు కుమ్మరించి మళ్ళీ నిలబడగలదా అని అడిగావు, మూడు పేజీలు అటూ ఇటూ తిప్పి చివరికి "కాలమే నిర్ణయించాలి" అని వదిలేశావు. కాలం ఎప్పుడో నిర్ణయించేసిందయ్యా, నువ్వు వెళ్ళి చూడలేదంతే.

ముందు ఒక మంచి మాట చెప్తా. సాలరీ క్యాప్, అదే టీమ్ జీతాల మీద ఉండే పరిమితి, ఐపీఎల్ పర్స్ లాంటిది అని ఒక్క లైన్‌లో తేల్చేశావ్ చూడు, అది బావుంది, మనోళ్ళకి ఠక్కున ఎక్కుతుంది. కానీ అక్కడే ఆగిపోయావ్, తేడా చెప్పలేదు, కథంతా ఆ తేడాలోనే ఉంది. పంత్‌ని లక్నో 27 కోట్లకి కొన్నప్పుడు నీకు లక్నో ఇష్టమేనా బాబూ అని ఎవరూ అడగలేదు, ప్యాడిల్ ఆఖరిదాకా ఎత్తినోడిదే ప్లేయర్. ఫ్రీ ఏజెన్సీలో అట్లా కుదరదు, కాంట్రాక్ట్ అయిపోయినవాడు టీమ్‌ని తనే ఎంచుకుంటాడు. ఓడిపోయే టీమ్‌కి, అందులోనూ ఎముకలు కొరికే చలి ఉన్న ఊరికి, ఊరికే ఎందుకొస్తాడు? పక్కోడికంటే ఎక్కువ డబ్బులూ, ఎక్కువ ఏళ్ళూ ఇస్తేనే వస్తాడు. అంటే ఓడే టీమ్ ఎప్పుడూ ఎమ్మార్పీ మీద కట్టే కొంటుంది. ఈ ముక్క నీ మొదటి పేజీలోనే పడాలి.

ఇంకోటి, ఏడు టీమ్‌ల పేర్లు చెప్పావ్, ఒక్కదాని గడప కూడా తొక్కలేదు. ఒక్క డెట్రాయిట్ పట్టుకో చాలు. 2004లో ఛాంపియన్లు. 2008 నవంబర్‌లో తమ ప్లేయర్ బిలప్స్‌ని డెన్వర్ టీమ్‌కి ఇచ్చేసి బదులుగా ఐవర్సన్‌ని తెచ్చుకున్నారు, ఐవర్సన్ కాంట్రాక్ట్ ఆ సీజన్‌తో అయిపోతుంది, వేసవికల్లా క్యాప్‌లో బోలెడు ఖాళీ వస్తుంది అని లెక్క. వచ్చింది. 2009లో ఆ ఖాళీలో బెన్ గోర్డన్‌నీ చార్లీ విలనోవానీ ఐదేళ్ళకి, ఇద్దరికీ కలిపి దాదాపు 90 మిలియన్ డాలర్లకి పట్టుకొచ్చారు. గోర్డన్ ఆడే చోట రిప్ హామిల్టన్ అప్పటికే ఉన్నాడు, అది కూడా చూసుకోలేదు. అంతకుముందు 39 మ్యాచ్‌లు గెలిచిన టీమ్ ఆ ఏడు 27కి పడింది.

ఇక్కడిదాకా ఎవడైనా రాస్తాడు. నువ్వు ముందుకెళ్ళు. 2012లో గోర్డన్‌ని వదిలించుకోడానికి షార్లెట్ టీమ్‌కి ఒక ఫస్ట్ రౌండ్ పిక్, అంటే కొత్త కుర్రాళ్ళని మొదటి విడతలో ఎంచుకునే హక్కు, ఎదురు కట్నంగా ఇచ్చి మరీ పంపారు. ఆ పిక్‌కి ఒక షరతు ఉంది, 2014లో అది మొదటి ఎనిమిదిలో పడితే డెట్రాయిట్ దగ్గరే ఉంటుంది, తొమ్మిదికి జారిందా షార్లెట్‌ది. ఎవరు ముందు ఎంచుకోవాలో తేల్చే లాటరీకి ముందు డెట్రాయిట్ సరిగ్గా ఎనిమిదిలో ఉంది. 1.7 శాతం ఛాన్స్ ఉన్న క్లీవ్‌లాండ్ ఎగిరి ఒకటో నంబర్‌కి పోయింది, డెట్రాయిట్ తొమ్మిదికి జారింది, మూలిగే నక్క మీద తాటికాయ. చూశావా, 2009 వేసవిలో పెట్టిన సంతకానికి బిల్లు 2014 మేలో వచ్చింది, అప్పటికి గోర్డన్ డెట్రాయిట్ వదిలి రెండేళ్ళు. సంతకం రోజు ఫోటో అందరికీ దొరుకుతుంది, నువ్వు చివరి బిల్లు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు.

నేనేదో పుట్టుకతో తెలుసుకున్నా అనుకోకు. 2013లో అదే టీమ్ జోష్ స్మిత్‌ని నాలుగేళ్ళకి 54 మిలియన్లకి తెస్తే, అప్పట్లో కాలమ్ రాసే పేపర్‌లో "డెట్రాయిట్‌కి మళ్ళీ మంచి రోజులు" అని హెడ్డింగ్ పెట్టి పొగిడేశా. డ్రమండ్, మన్రో ఇద్దరూ రింగ్ కింద నిలబడే పొడుగోళ్ళు, స్మిత్‌ది కూడా అదే జాగా, ముగ్గుర్నీ ఒకేసారి దింపేసరికి పాపం అతను బయట నిలబడి మూడు పాయింట్ల షాట్లు కొట్టాల్సొచ్చింది, నాలుగింట ఒకటి పడేది. 2014 డిసెంబర్‌లో టీమ్ 5 గెలిచి 23 ఓడి ఉండగా తీసేశారు, తీసేశాక వరుసగా ఏడు గెలిచారు, మిగిలిన డబ్బు మాత్రం ఏడాదికి 5.4 మిలియన్ చొప్పున 2019-20 సీజన్ దాకా కడుతూనే ఉన్నారు. ఆ కటింగ్ ఇంకా ఉంది నా దగ్గర, వస్తే చూపిస్తా, నవ్వుకుందువు గానీ.

2023 డిసెంబర్ 26న డెట్రాయిట్ దగ్గర నోవైలో ఉన్న మా అల్లుడు డెట్రాయిట్ ఆటకి తీసుకెళ్ళాడు. బ్రూక్లిన్ మీద, ఓడితే వరుసగా 27వది, లీగ్‌లో ఒక్క సీజన్‌లో అప్పటికి అదే రికార్డు. డెట్రాయిట్ స్టార్ కేడ్ కనింగ్‌హామ్ 41 పాయింట్లు కొట్టాడు, అయినా ఓడారు. "టీమ్ అమ్మేయ్" అని హాలంతా అరుస్తుంటే నా పక్కన బిలప్స్ జెర్సీ వేసుకున్న పెద్దాయన ఒక్కడూ అరవకుండా, చల్లారిన నాచోస్ ట్రే మోకాళ్ళ మీద పెట్టుకుని, ఫ్రీ త్రో మిస్ అయినప్పుడల్లా ట్రేలో ఒక చిప్ విరిచి పక్కన పెడుతున్నాడు, తినట్లేదు. ఆ సీజన్ 14 గెలిచి 68 ఓడారు.

మరి తర్వాతి వేసవి? మళ్ళీ ఫ్రీ ఏజెన్సీయే! టోబయస్ హ్యారిస్ అనే ప్లేయర్‌ని రెండేళ్ళకే, బీస్లీ అనే ఇంకొకణ్ణి ఒక్క ఏడాదికి 6 మిలియన్లకే. పేరు చూసి కాదు, కేడ్ చుట్టూ ఏం తక్కువైందో చూసి తెచ్చారు, కోచ్‌నీ మార్చారు, 44 గెలిచారు. 2008 తర్వాత మొదటిసారి ఒక ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలిచారు. కాబట్టి ఫ్రీ ఏజెన్సీ మంచిదా చెడ్డదా అనే నీ ప్రశ్నే కొంచెం వంకర, వచ్చేవాడి కోసం ఇంట్లో ఎవరున్నారు, ఎన్నేళ్ళకి రాసిస్తున్నారు అని అడగాలి. నీకు ఎదురు వాదన కావాలంటే ఫీనిక్స్‌ని పెట్టుకో, 2004లో నాష్ అనే ప్లేయర్‌ని తెచ్చుకుని 29 గెలుపుల నుంచి ఏకంగా 62కి పోయారు, అంతకంటే పెద్ద జాక్‌పాట్ నాకైతే గుర్తు లేదు. కానీ నాష్ దిగేసరికి స్టౌడమైర్, మారియన్, జో జాన్సన్ లాంటి గట్టి ప్లేయర్లు అక్కడే ఉన్నారు, ఆ లైన్ నొక్కేయకు.

వచ్చే ఆదివారంలోగా రెండో డ్రాఫ్ట్ పంపు. హ్యారిస్‌ని ఒకచోట హారిస్ అనీ ఇంకోచోట హెరిస్ అనీ రాశావ్, ఏదో ఒకటి ఖాయం చెయ్. ఆ కాలం లైన్ మాత్రం కొట్టేయ్.

మీ అన్న