ఆ ఫ్రేమును తెచ్చింది మీ ప్రోగ్రాము కాదు

ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్ జీడీబీలో, కాల్ కమాండుతో ఒక ఫంక్షన్ నడిపితే మధ్యలో ఆగిపోయిందనీ, బ్యాక్‌ట్రేస్‌లో, అంటే ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో చూపే ఫ్రేముల జాబితాలో, ‘ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ జీడీబీ’ అనే వరస వచ్చి చేరిందనీ, దాన్ని ఎలా వదిలించుకోవాలనీ అడిగారు. వదిలించుకోవడం తేలికే. అసలు ఎందుకు తెచ్చిపెట్టుకున్నారన్నదే నా బాధ.

మా ఆఫీసులో బోలెడు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే సాగే పనులు) నడిపే సర్వర్ ప్రోగ్రాము ఒకటి ఉండేది. అది ఉన్నట్టుండి నెమ్మదిస్తే, కొత్తగా చేరిన కుర్రాడు జీడీబీ తగిలించాడు. క్యూలో ఏముందో చూద్దామని మేము రాసుకున్న ప్రింట్ ఫంక్షన్‌ను కాల్ చేశాడు. ఆ ఫంక్షన్‌కు మెమరీ కేటాయించే మాలాక్ కావాలి. ఆగి ఉన్న థ్రెడ్ అప్పటికే మాలాక్ లోపల లాక్ (ఒకసారికి ఒకరినే వదిలే తాళం) పట్టుకుని ఉంది. ఇంకేముంది, తన లాక్ కోసం తనే ఎదురుచూస్తూ కూర్చుంది. కంట్రోల్-సీ కొట్టి ఆగమని సిగ్నల్ పంపాడు. ఇలాంటప్పుడు జీడీబీ పాత చోటికి తిరిగి రాదు. సిగ్నల్ అందిన ఫ్రేములోనే ఉండిపోతుంది, ఆ సంగతి తెర మీద స్పష్టంగా చెబుతుంది కూడా. చదివే ఓపిక ఎవరికి? మళ్లీ కాల్ కొట్టాడు. నేను వెళ్లేసరికి డమ్మీ ఫ్రేములు, అంటే మీరు చూసిన ఆ ‘ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ జీడీబీ’ వరసలే, ఒకదానిపై ఒకటి పేరుకుని ఉన్నాయి, మేము వెతుకుతున్న చోటు వాటి అడుగున పడి ఉంది.

మీరు చేయాల్సింది ఇది. బ్యాక్‌ట్రేస్‌లో డమ్మీకి సరిగ్గా పైన మీరు పిలిచిన ఫంక్షన్ ఉంటుంది. ఫ్రేమ్ కమాండుతో దాన్ని ఎంచుకుని రిటర్న్ కమాండు కొట్టండి. దానితోపాటే డమ్మీ కూడా పోతుంది, కాల్‌కు ముందు జీడీబీ దాచిన రిజిస్టర్లు (ప్రాసెసర్ లోపలి విలువలు) వెనక్కి వస్తాయి. ఇకముందు ఈ బెడద వద్దనుకుంటే ‘సెట్ అన్‌వైండ్‌ఆన్‌సిగ్నల్ ఆన్’ అని పెట్టుకోండి, సిగ్నల్ వస్తే జీడీబీయే శుభ్రం చేస్తుంది. దీన్ని మొదటినుంచీ ఆన్‌లో ఎందుకు ఉంచలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగితే మాత్రం ఇది పనికిరాదు, రిటర్నే దిక్కు.

ఓ-టూ ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేసినప్పుడు, పిలిచిన చోటే కలిసిపోయిన ఫంక్షన్లకు కనిపించే ఇన్‌లైన్ ఫ్రేములను ఈ డమ్మీతో కలపకండి. అవి డ్వార్ఫ్ అనే డీబగ్ సమాచారం చూసి జీడీబీ అల్లినవి, వాటికి స్టాకు (ఫంక్షన్ కాల్స్ వాడుకునే మెమరీ) మీద విడిగా చోటుండదు. డమ్మీ అలా కాదు. ఎక్స్86-64 లినక్స్‌లో ఆగి ఉన్న ఫంక్షన్ వాడుకుంటూ ఉండగల 128 బైట్ల రెడ్ జోన్ వదిలి, దాని కింద నిజంగానే స్టాకును వాడుకుంటుంది.

పైగా వెనక్కి వచ్చేవి రిజిస్టర్లే. ఆ ఫంక్షన్ మెమరీలో మార్చినవి, పట్టుకున్న లాకులు అలాగే ఉంటాయి. మిగతా థ్రెడ్లను ఆపి ఉంచే షెడ్యూలర్ లాకింగ్ ఆన్ చేయకపోతే కాల్ నడుస్తున్నంతసేపూ అవీ పరుగెడతాయి. మీరు చూడాలనుకున్న స్థితి మీ కళ్ల ముందే మారిపోతుంది.

ఎడిటర్లలో విలువలు చూపే వాచ్ విండోలు ఇంకా ఘోరం. అందులో ఒక ఫంక్షన్ కాల్ పెట్టి మరిచిపోతారు, ప్రోగ్రాము ఆగిన ప్రతిసారీ అది నడుస్తుంది. తర్వాత ‘డీబగ్గర్లో ఒకలా, బయట ఒకలా వస్తోంది’ అంటూ మన మీద పడతారు.

నేనైతే జీకోర్ కమాండుతో కోర్ ఫైలు (ప్రాసెస్ మెమరీ నకలు) తీసుకుని, ప్రాసెస్‌ను దాని మానాన వదిలేసి, ఆ ఫైల్లోనే వెతుక్కుంటాను. అక్కడ కాల్ కొడితే, ప్రాసెస్ లేకుండా ఆ పని కుదరదని జీడీబీ మొహం మీదే చెప్పేస్తుంది.