మూడేళ్ల డిగ్రీతో హెచ్‌1బీ వస్తుందా?

ప్రశ్న: గుంటూరులో బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను, మూడేళ్ల కోర్సు. హైదరాబాద్‌లో ఏడేళ్లుగా ప్రోగ్రామర్‌గా చేస్తున్నాను. మా కంపెనీ హెచ్‌1బీ వేస్తామంటోంది. ఒక కన్సల్టెన్సీ మాత్రం బీటెక్ లేకపోతే దండగ అంటోంది, ముప్పై వేలిస్తే నా డిగ్రీ నాలుగేళ్ల దానికి సమానమని రిపోర్ట్ తెప్పిస్తుందట. ఇవ్వమంటారా? టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇవ్వకండి. బీటెక్ లేదని హెచ్‌1బీ ఆగదు. అమెరికా లెక్కలో బ్యాచిలర్స్ అంటే నాలుగేళ్లు, మీకు ఒక ఏడాది తక్కువ. తగ్గిన ప్రతి ఏడాదికీ మూడేళ్ల సంబంధిత అనుభవం చూపించొచ్చని హెచ్‌1బీ నిబంధనల్లోనే ఉంది, మీకు ఏడేళ్లుంది కదా!

అయితే చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మామూలు ఎవాల్యుయేషన్ ఏజెన్సీ మీ చదువుకు మాత్రమే విలువ కట్టగలదు. ఉద్యోగ అనుభవాన్ని కూడా కలిపి చెప్పాలంటే, అనుభవానికి కాలేజీ క్రెడిట్లు ఇచ్చే అధికారం ఉన్న అమెరికా యూనివర్సిటీ అధికారి రాయాలి. ముప్పై వేల రిపోర్ట్ ఎవరు రాస్తున్నారో అడిగి చూడండి, వాళ్లు నీళ్లు నములుతారో లేదో తెలుస్తుంది. ఎలాగూ ఈ పని కంపెనీ లాయరు చూసుకుంటాడు.

మీ పని అనుభవ పత్రాలు. హెచ్‌ఆర్ ఇచ్చే రెండు లైన్ల రిలీవింగ్ లెటర్ చాలదు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేశారు, రోజూ ఏ పని చేశారు, ఏ టెక్నాలజీల మీద చేశారు, మీతో పాటు డిగ్రీ ఉన్నవాళ్లు కూడా అదే పని చేశారా అన్నవన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. పాత కంపెనీ మూతపడి ఉంటే అప్పటి మేనేజర్‌తో అఫిడవిట్ రాయించుకోండి. చేయని ఉద్యోగాన్ని చేసినట్టు మాత్రం ఎక్కడా చూపించొద్దు, అది బయటపడితే ఈ వీసాతో పాటు తర్వాతివీ పోతాయి.

మీరు అడగలేదు గానీ గ్రీన్‌కార్డ్ సంగతీ చెప్పాలి. ఈ మూడుకు ఒకటి లెక్క అక్కడ చెల్లదు. మన మూడేళ్ల బీఎస్సీ అమెరికా బ్యాచిలర్స్‌కు సమానం కాదని 1977లోనే అక్కడ ఒక కేసులో తేల్చేశారు, పై చదువులవాళ్ల గ్రీన్‌కార్డ్ విభాగమైన ఈబీ2కి అడ్డుపడేది అదే. మీకు మిగిలే దారి దాని కింది విభాగమైన ఈబీ3లోని స్కిల్డ్ వర్కర్ (నైపుణ్యం ఉన్న ఉద్యోగి) వర్గం, కానీ పెర్మ్‌లో, అంటే గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ ముందుగా అమెరికా కార్మిక శాఖకు వేసే దరఖాస్తులో, ఉద్యోగానికి కావాల్సిన అర్హతల్ని మీ డిగ్రీ, అనుభవం రెండూ సరిపోయేలా మొదటే రాయాలి. ఆ దరఖాస్తు ఫైల్ అయ్యాక ఆ వాక్యం మార్చడం కుదరదు, కాబట్టి మీది మూడేళ్ల డిగ్రీ అని లాయరుకు ఇప్పుడే ఈమెయిల్‌లో రాసి పెట్టండి.