మేళాలో కలంకారీ: మీ ప్రశ్నలు, నా జవాబులు

(ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ మేళాల్లో జనం ముందు కూర్చుని పనిచేసే కళాకారుల గురించే. జవాబులు చెబుతున్నది శ్రీకాళహస్తి కలంకారీ కళాకారిణి.)

ప్రశ్న: శిల్పారామంలో ఒకాయన బట్ట మీద నెమలి వేస్తుంటే చూశాం. గీసినప్పుడు పల్చగా ఉన్న గీత మా కళ్లముందే నల్లబడింది. పిల్లలు మ్యాజిక్ అన్నారు. ఏం కలుపుతారండీ? – ఒక పాఠకురాలు, మాదాపూర్

జవాబు: కలంలో ఉన్నదొక్కటే చాలదమ్మా, సగం గుట్టు బట్టలో ఉంది. ఆయన పరుచుకున్నది కొట్లో కొన్న తెల్లబట్ట కాదు. గాడా గుడ్డని, అంటే ముతక నూలు బట్టని, గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన కాచని బర్రెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేసి తెచ్చుకున్నది. దగ్గరగా నిలబడి ఉంటే పాలవాసన మీకూ తగిలే ఉంటుంది. కలంలో ఉన్నది ఇనుప నీళ్లు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తాం. ఆ ఇనుమూ బట్టలోని కరక్కాయ వగరూ కలిస్తే నలుపు. అదే కలంతో తెల్లకాగితం మీద గీస్తే తుప్పు మరకలాంటిది పడుతుంది, అంతే. ఈసారి వెళ్లినప్పుడు అడగండి, సరదాగా గీసి చూపిస్తారు.

కానీ మీరు చూసింది మా పనిలో ఒక్క మెట్టే. ఎరుపు కావాలంటే ఆ చోట పటిక నీళ్లు పూయాలి, ఆరనివ్వాలి, ఉతకాలి, ఆ తర్వాత రంగునిచ్చే వేర్లు వేసిన కాగులో బట్టంతా ఉడకబెట్టాలి. పటిక పడినచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది, మిగతాచోట ఉతుకులో పోతుంది. పసుపుకి కరక్కాయ పువ్వు ఉడికించుకోవాలి. ఆ పసుపూ నీలిమందూ ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చ. మధ్యమధ్య మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ. దీనికి పారే నీళ్లుండాలి. స్వర్ణముఖిలో నీళ్లుంటే అక్కడ, లేకపోతే బోరు కింద. మేళాలో స్టాల్ లోపల పొయ్యి వెలిగించనివ్వరు, కుళాయేమో ఎక్కడో బాత్రూముల దగ్గర ఉంటుంది. అందుకే ఏ ఊరి మేళాలో చూసినా మేం నల్లగీతలు గీస్తూనే కనిపిస్తాం. జనం "ఓస్, గీయడమేగా" అనుకుంటారు, చీర ధర చెప్పగానే ఉలిక్కిపడతారు. పొయ్యి దగ్గర పొగ, ఏట్లో నడుంనొప్పి వాళ్లకి కనబడవు మరి.

ప్రశ్న: మేళాకొచ్చే కలంకారీవాళ్లు చెట్లు, పూలు, నెమళ్లే వేస్తారెందుకు? రామాయణం తెరలు మా ఎదురుగా వేయొచ్చుగా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వేయొచ్చు. నేను మాత్రం వేయను. వెనకనుంచి ఎవరో ఒకరు తోస్తారు, ఏ పిల్లవాడో వచ్చి బల్లకి గుద్దుకుంటాడు. చెట్టు వేసేటప్పుడు చెయ్యి జారితే అక్కడ ఇంకో ఆకు మొలుస్తుంది. సీతమ్మ కన్ను దగ్గర జారితే ఏం మొలిపించను? ఆ నల్లగీత నీళ్లతో ఉతికితే పోయేది కాదు. చింతబొగ్గుతో వేసుకున్న గుర్తులైతే దులిపితే పోతాయి గానీ, కలం పెట్టాక అది ఉండిపోవాల్సిందే. అందుకని మొహాలు ఇంట్లో, పొద్దున పూట, ఫోన్ పక్కన పెట్టేసి వేస్తాను. రామాయణం వేస్తుంటే చూడాలని ఉంటే శ్రీకాళహస్తికే రండి. గుడికి ఎలాగూ వస్తారుగా, పనిచేసే ఇళ్లు వెతుక్కోవడం కష్టమేమీ కాదు.

ప్రశ్న: వీడియో తీస్తుంటే ఒక కళాకారుడు చిరాకు పడ్డాడు. జనం చూడటానికేగా కూర్చున్నారు? – పేరు రాయలేదు

జవాబు: చూడటానికే. చేతుల్ని తీసుకోండి, అడిగి తీసుకోండి, ఎవరూ కాదనరు. "ఒకసారి ఇటు చూడండి" అని మాత్రం అనొద్దు. కలం కొనకి పైన గుడ్డ చుట్టి దారంతో కట్టిన ఉండ ఉంటుంది. దాన్ని వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. తల తిప్పామా, చుక్క పడిందే. ఇంకో సంగతి. పూర్తయిన తెరని నాలుగు మూలలూ పడేలా ఎదురుగా నిలబడి ఫోటో తీసేవాళ్లంటే నాకూ గుండె దడే. ఒక మేళాలో నేను పెట్టిన అంచు డిజైన్ ఆ తర్వాత పాలిస్టర్ దుపట్టాల మీద అచ్చయి కనిపించింది, నా పువ్వులో నేను వదిలేసే ఖాళీతో సహా. ఎవరు తీశారో, ఎవరికి ఇచ్చారో ఏం తెలుస్తుంది?

ప్రశ్న: పక్క స్టాల్లో చెక్క అచ్చులు కొడుతూ అదీ కలంకారీయే అన్నారు. అది నకిలీయా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: నకిలీ కాదమ్మా. అది మచిలీపట్నం, పెడన వైపు పని. టేకు అచ్చులు చెక్కేవాళ్ల నేర్పు ఒకసారి చూస్తే మీరే ఒప్పుకుంటారు. మాది చేత్తో గీసేది, వాళ్లది అచ్చుతో వేసేది, అంతే తేడా. నకిలీ ఏదంటే, మిల్లులో ప్రింటు కొట్టి "చేత్తో వేశాం" అని అమ్మేది. ఒకే పువ్వుని రెండు చోట్ల పట్టుకుని పోల్చండి. చేత్తో గీసినదైతే ఉండలో రంగు తగ్గేకొద్దీ గీత సన్నబడుతుంది, మళ్లీ ముంచాక లావవుతుంది. రెండు పువ్వులూ అచ్చం ఒకేలా ఉంటే చేత్తో గీశామన్న మాట నమ్మకండి.

ప్రశ్న: మా అమ్మాయికి అక్కడ కలం ఇచ్చి గీయమన్నారు. చక్కగా గీసింది. ఇంట్లో పాత దుప్పటి మీద వేస్తే అంతా పాకిపోయింది. – ఒక తల్లి, కర్నూలు

జవాబు: దుప్పటికి పాలు పట్టించలేదుగా. పాలలోని కొవ్వే రంగుని పాకకుండా ఆపుతుంది. చిన్న గుడ్డముక్కకి కరక్కాయ, పాలు పట్టించి ఎండబెట్టి ఇవ్వండి, చూద్దాం.

ప్రశ్న: మేళాలో కొన్న తెర ఎలా ఉతకాలి? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: విడిగా, చన్నీళ్లలో, కొంచెం కుంకుడు రసంతో. నీడన ఆరేయండి. నిమ్మరసం, చింతపండు పులుసు మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి, పులుపు తగిలితే నల్లగీత వెలిసిపోతుంది. భోజనాల గదిలో పులిహోర చేతులకి అందేంత కిందికి కట్టకండి.