మూడు నెలలు కలవనివ్వం అనే డీ-అడిక్షన్ సెంటర్‌లో మా ఆయన్ని చేర్పించవచ్చా?

మీ ఆయన రోజూ తాగుతారని, సెంటర్‌వాళ్లు బండి పంపి తీసుకెళ్తామన్నారని, మూడు నెలలు మిమ్మల్ని కలవనివ్వరని రాశారు. వైద్యం చేయించండి, కానీ అక్కడ వద్దు.

మా అన్నయ్య రెండు చోట్ల ఉన్నాడు. మొదటిది ఇలాంటిదే. గేటు దగ్గరే ఆపేసేవారు, డాక్టర్ ఎప్పుడొస్తారంటే జవాబుండేది కాదు. బయటికొచ్చాక వాడి కోపమంతా మా మీదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చేరిన మనిషికి ఇంటివాళ్లను కలిసే హక్కు, ఫోన్‌లో మాట్లాడే హక్కు ఉన్నాయి. ముందు సెంటర్ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి.

డాక్టర్ సంగతి ఇంకా ముఖ్యం. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే మొదటిరోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి లేనివి కనబడతాయి, ఎక్కడున్నారో తెలియదు. ప్రాణం మీదికి కూడా రావచ్చు. తాళం వేసిన గదిలో తగ్గేది కాదది. రెండోసారి ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ వార్డులో వణుకు తగ్గడానికి మాత్రలు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు ఇచ్చారు. వదిన తోడుగా ఉంది. వారంలో తేరుకున్నాడు.

అక్కడ కౌన్సిలర్ వదినని "మీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగింది. అన్నేళ్లలో ఆ మాట మేమెవరం అడగలేదు. ఆయన చేసిన అప్పులు మీరు తీర్చొద్దు, ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పొద్దు అంది. వదినకి మొదట ఇది చాలా కష్టమైంది.

ఇంటికొచ్చాకే అసలు టెన్షన్. బాత్రూమ్‌లో కాస్త ఆలస్యమైనా అనుమానమే. ఓ పెళ్లిలో మళ్లీ తాగాడు. మేం కుప్పకూలిపోయాం, డాక్టర్ మాత్రం ఆశ్చర్యపోలేదు, మందులు మార్చి మళ్లీ రమ్మన్నారు. తాగాలనే కోరిక తగ్గించే మాత్రలు ఉన్నాయి, అడగండి.

తాగుడు మానిపించడానికి చారులో కలిపే పొడి అని ఎవరో చెబుతారు, వినకండి. డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) లాంటిది ఆయనకి తెలియకుండా పెడితే, దాని మీద తాగినప్పుడు వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది.

14446 మత్తు అలవాట్ల హెల్ప్‌లైన్, 14416 టెలీమానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడతారు. ఆయన రానంటే ముందు మీరొక్కరే సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. మా వదిన కూడా మొదట ఒక్కతే వెళ్లింది.