బిడ్డ లాయర్ అంటోంది, మేం టీచర్ అంటున్నాం

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. బిడ్డ ఇంటర్ సీఈసీ పాసైంది. చూపు తక్కువ, సదరం వైకల్య సర్టిఫికెట్లో 60 శాతం రాశారు. చీకటి పడితే అసలే కనపడదు. లా చదువుతానంటోంది. అన్ని లావు పుస్తకాలు ఎట్లా చదువుతుంది? బీఏ, బీఈడీ చేసి టీచర్ అయితే చాలని మా ఆలోచన. ఏం చేయమంటారు?

జవాబు: చూపు గురించి ఇంత వివరంగా రాశారు కానీ, బిడ్డకు లా ఎందుకు ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ముందు అది అడగండి. చూపును బట్టి కోర్సు వెతక్కండి. ఇష్టాన్ని బట్టి కోర్సు ఎంచుకుని, చూపుకు కావాల్సిన ఏర్పాట్లు వెతకండి. టీచర్ పనిలో చదవడం తక్కువనుకోవడం కూడా సరికాదు. పాఠం తయారు చేసుకోవాలన్నా, పేపర్లు దిద్దాలన్నా కళ్లతోనే పని.

హనుమకొండ కోర్టులో ఒక రోజు వెనక బెంచీలో కూర్చోబెట్టండి. విచారణలు మామూలుగా ఎవరైనా చూడొచ్చు. వాయిదాలు, వాదనలు, ఫైళ్లు అన్నీ విన్నాక కూడా ఇదే కావాలంటే, ఆ మాట నమ్మండి.

ఇక చదవడం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తాయి. ఎన్‌వీడీఏ ఉచితం. అసలు చిక్కు తెలుగు నోట్స్‌తో వస్తుంది. ‘అను’ అనే రకం ఫాంట్లలో టైప్ చేసిన పాత ఫైళ్లను ఈ సాఫ్ట్‌వేర్ సరిగా చదవలేదు, అర్థం లేని శబ్దాలు వస్తాయి. అలాంటప్పుడు పేజీని ఫోటో తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలుగా మార్చుకోవాలి, లేదా ఈ సాఫ్ట్‌వేర్ చదవగలిగే యూనికోడ్‌లో ఇవ్వమని లెక్చరర్‌ను అడగాలి. ఇలా అడగడానికి మొహమాటపడే పిల్లలే మొదటి ఏడాది వెనకబడతారు, తెలివి తక్కువై కాదు. అందుకే ఈ సెలవుల్లో టైపింగ్, ఎన్‌వీడీఏ రెండూ నేర్పించండి. కాలేజీ మొదలయ్యాక నేర్చుకుందామంటే టెన్షన్ తప్ప ఏం మిగలదు.

హక్కుల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు ఉంచాలి. రాత పరీక్షల్లో మనం చెబితే రాసే మనిషిని, అంటే స్క్రైబ్‌ను అడగొచ్చు. కేంద్ర మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలంటున్నాయి, అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. అయితే స్క్రైబ్‌కు చెప్పి రాయించడం వేరే విద్య. ఇంట్లో తమ్ముడినో చెల్లెనో కూర్చోబెట్టి పాత పేపర్లతో అలవాటు చేయాలి.

లాయర్ దగ్గరే ఆగిపోతుందేమోనన్న భయం కూడా వద్దు. చూపు లేదన్న కారణంతో జడ్జి ఉద్యోగాలకు దూరం పెట్టకూడదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మనసు గట్టిగా ఉంటే లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి అయిదేళ్ల కోర్సులో చేరొచ్చు. ఇంకా ఊగిసలాడుతుంటే డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో హనుమకొండ కాలేజీలు పెట్టి బీఏ చేయనివ్వండి. ఆ తర్వాత సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది, మీరనే బీఈడీ దారీ మూసుకుపోదు. మీ ఇంట్లో రెండు మాటలున్నాయి కాబట్టి నేనైతే ఈ రెండో దారే మంచిదంటాను.

రోజూ బస్సులో తిప్పొద్దు. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం, నిజమే. కానీ చలికాలం సాయంత్రం క్లాసులయ్యేసరికే చీకటి పడుతుంది. హాస్టలే చూడండి.

యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు లేకపోతే వెంటనే అప్లై చేయండి. ప్రవేశ దరఖాస్తులో వైకల్యం గడి నింపి, స్క్రైబ్ సంగతి అప్పుడే అడగండి, హాల్‌టికెట్ వచ్చేదాకా ఆగకండి. కాలేజీకి వెళ్లిన రోజు మీరు పక్కన ఉండండి, ప్రిన్సిపాల్‌తో బిడ్డనే మాట్లాడనివ్వండి.