నొప్పి తగ్గిన పన్నుకి క్యాప్ ఎందుకంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ అయిపోయింది, నొప్పి పోయింది, అయినా డాక్టర్ క్యాప్ వేయించుకోమంటున్నారు. మిగిలిన పన్నుని మళ్లీ అరగదీస్తారంటే మీకు మనసొప్పడం లేదు. తప్పదంటే జిర్కోనియా (పన్ను రంగులో ఉండే గట్టి సిరామిక్) మంచిదా, మెటల్ సిరామిక్ మంచిదా అని అడిగారు. నేను డాక్టర్‌ని కాను. పాత ఫిల్లింగ్ పక్కన గోడ విరిగి రూట్ కెనాల్ దాకా వెళ్లిన పన్ను నాకూ ఒకటుంది. ఇప్పుడు దాని మీద ఉన్న క్యాప్‌తోనే నములుతున్నాను.

రూట్ కెనాల్‌లో నరం తీసేస్తారు కాబట్టి ఆ పన్ను ఇక చల్లటి నీళ్లకి జివ్వుమనదు, రాత్రిళ్లు సలపదు. దాంతో పన్ను బాగైపోయిందనిపిస్తుంది. కానీ పుచ్చు తీయడానికి కొంత, నరం దాకా దారి చేసుకోవడానికి కొంత, నడిమి భాగం చాలావరకు పోయి ఉంటుంది. మిగిలేవి చుట్టూ గోడలు, వాటి మధ్య ఫిల్లింగు. నమిలే బరువంతా పడేది దవడ పళ్ల మీదే. కొరికిన ప్రతిసారీ ఆ గోడలు కాస్త విచ్చుకోవాలని చూస్తాయి. ఒకరోజు ఏ గట్టి గింజో పంటి కింద పడి, పన్ను నిలువునా చీలి, ఆ చీలిక వేరులోకి దిగిందంటే ఇక పీకించుకోవడమే. బండి చక్రానికి ఇనప పట్టా బిగించినట్టు, క్యాప్ ఆ గోడల్ని చుట్టూరా పట్టుకుంటుంది. రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండి పెళుసైపోతుందని చాలామంది అంటారు గానీ, బలం తగ్గడానికి అసలు కారణం పన్నులో పోయిన భాగమే. అందుకే ముందు పళ్లలో వెనకవైపు చిన్న రంధ్రం తప్ప మిగతాదంతా బాగుంటే ఒక్కోసారి ఫిల్లింగ్‌తోనే వదిలేస్తారు. దవడ పళ్ల లెక్క వేరు. నొప్పి లేదు కదా అని నెలల తరబడి వాయిదా వేస్తే చీలే ప్రమాదం ఒక్కటే కాదు, తాత్కాలిక ఫిల్లింగ్ అరిగి ఉమ్మితో పాటు క్రిములు లోపలికి దిగి, చేసిన రూట్ కెనాల్ కూడా పాడవుతుంది.

జిర్కోనియానా, మెటలా అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ముందు అడగాల్సింది "చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది?" అని. క్యాప్ అంచు ఫిల్లింగ్ మీద కాకుండా అసలు పన్ను మీద కూర్చోవాలి. చుట్టూరా 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను క్యాప్ లోపల ఉంటే పట్టు నిలుస్తుంది. అంత లేకపోతే చిగురు కొంచెం కోసి పన్నుని బయటపెట్టాల్సి రావచ్చు. మరీ ఏమీ మిగలకపోతే ఎంత ఖరీదైన క్యాప్ పెట్టినా అది పన్నుతో సహా విరిగి చేతికొస్తుంది. నా పన్నుకి ఒక పక్క గోడ దాదాపు చిగురు దాకా పోయింది. దాన్ని ఫిల్లింగ్ మెటీరియల్‌తో పైకి కట్టి, పన్ను ఆకారం తెచ్చాకే క్యాప్ పనికి దిగారు. కొందరికి వేరు లోపల ఫైబర్ పోస్ట్ అనే సన్నని కడ్డీ దింపుతారు. దానివల్ల పన్నుకి బలం వస్తుందనుకోవద్దు, పైన కట్టినది ఊడకుండా పట్టుకోవడమే దాని పని. అవసరం లేనిచోట పోస్ట్ కోసం వేరుని ఇంకాస్త తొలిస్తే ఉన్న బలమే తగ్గుతుంది. కాబట్టి పోస్ట్ అన్నప్పుడు ఎందుకని అడగండి.

అరగదీయడం గురించి మీ బెంగ అర్థం లేనిదేం కాదు. తీసింది తిరిగి రాదు. కానీ క్యాప్ మందానికి చోటు పన్ను నుంచే తీయాలి, లేకపోతే అది పక్క పళ్ల కంటే ఎత్తుగా, లావుగా తయారవుతుంది. మెటల్ సిరామిక్‌లో లోపల లోహం, పైన పింగాణీ, రెండు పొరలు పట్టాలి కాబట్టి నమిలే వైపు 2 మిల్లీమీటర్ల దాకా తీస్తారు. ఒకే ముక్కగా చేసే జిర్కోనియాకి, పూర్తి లోహపు క్యాప్‌కి అంతకంటే తక్కువే, 1 నుంచి 1.5 సరిపోతుంది. పన్ను గోడలు బాగానే మిగిలి ఉంటే పై భాగాన్ని మాత్రమే కప్పే ఆన్‌లే కుదురుతుందేమో కనుక్కోండి. నాకు కుదరలేదు. ఇక అరగదీసే పూట సంగతి: నరం లేని పన్నే అయినా చిగురు కోసం మత్తు ఇంజక్షన్ ఇచ్చారు, నొప్పి తెలియలేదు. నోరు అంతసేపు తెరిచి ఉంచడమే కష్టం, దవడ కీలు పట్టేసింది. చెయ్యెత్తితే ఆపుతారు, మొహమాటపడకండి.

రకం విషయానికొస్తే, వెనక దవడ పన్నుకి నేను ఒకే ముక్క జిర్కోనియా తీసుకున్నాను. పైన వేరే పొర లేదు కాబట్టి పెచ్చులూడే బెడద లేదు. మెటల్ సిరామిక్ చాలా ఏళ్లుగా వాడుతున్న నమ్మకమైన రకమే. పింగాణీ పొర చిట్లవచ్చు, కాలం గడిచి చిగురు జారితే అంచున నల్లటి గీత కనపడుతుంది. వెనక పన్ను దగ్గర ఆ గీత ఎవరు చూస్తారు? ఖర్చు తగ్గించుకోవాలంటే అదే తీసుకోండి, నష్టం లేదు. అయితే కొన్ని లోహ మిశ్రమాల్లో నికెల్ ఉంటుంది, నగలతో దురద వచ్చే అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. లిథియం డైసిలికేట్ అనే గాజు సిరామిక్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ముందు పళ్లకి బాగా నప్పుతుంది, జిర్కోనియా అంత గట్టిది కాదు. జిర్కోనియా ఎదురు పన్నుని అరగ్గొడుతుందని కూడా వింటారు. నున్నగా పాలిష్ చేసినదైతే ఆ భయం తక్కువ, గరుకుగా వదిలేస్తేనే అరగదీస్తుంది. వారంటీ కార్డులు చూసి మురిసిపోకండి, ఆ హామీ క్యాప్‌కే గానీ కింది పన్నుకి కాదు.

రంగు ఎంపిక పన్ను అరగదీయకముందే, వీలైతే పగటి వెలుతురులో చేయించుకోండి. నోరు తెరిచి ఉంచి పళ్లు ఆరిపోతే అవి అసలు కంటే తెల్లగా కనిపిస్తాయి. చిగురు అంచులో సన్నని దారం దూర్చి, పన్ను అంచు తేలాక అచ్చు తీస్తారు. కొన్నిచోట్ల సిలికాన్ ముద్ద బదులు చిన్న కెమెరాతో స్కాన్ చేస్తున్నారు. ముద్దకి వాంతి వచ్చేలా ఉంటే తల కొంచెం ముందుకి వంచి ముక్కుతో గాలి పీల్చండి. ల్యాబ్ నుంచి అసలుది వచ్చేదాకా తాత్కాలిక క్యాప్ పెడతారు. అది ఊడిపోతే "ఎలాగూ తీసేసేదే కదా" అని ఊరుకోవద్దు. ఆ ఖాళీలోకి పక్క పళ్లు జరిగినా, ఎదురు పన్ను కాస్త దిగినా, కొలతలు తీసి చేసిన క్యాప్ సరిగ్గా కూర్చోదు.

అసలు జాగ్రత్తంతా క్యాప్ బిగించే రోజున కావాలి. శాశ్వతంగా అతికించకముందే పెట్టి చూస్తారు. అప్పుడు పక్క పళ్లతో ఆనుతోందో లేదో ఫ్లాస్ దారంతో చూడమనండి. దారం కాస్త బిగువుగా, టక్కుమని దిగాలి. వదులుగా జారిపోతే ఆ సందులో తిన్న ప్రతిదీ ఇరుక్కుని చిగురు వాస్తుంది. నాకు మొదట వచ్చిన ముక్కకి ఒక పక్క అలాంటి సందే ఉంటే, డాక్టరే ఒప్పుకోక ల్యాబ్‌కి తిప్పి పంపారు. మళ్లీ తిరగాల్సి వచ్చిందని అప్పుడు విసుక్కున్నాను గానీ, ఇప్పుడు ఆయన మీద గౌరవం ఉంది. తర్వాత నీలం కాగితం పెట్టి కొరకమంటారు. మచ్చ ఎక్కడ ముదురుగా పడితే అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. ఊరికే నోరు మూసి ఊరుకోకుండా, దవడని అటూ ఇటూ జరుపుతూ నూరి చూడండి. మత్తులో ఉన్న నోటికి ఎత్తు సరిగ్గా తెలియదు, కాబట్టి ఇంటికెళ్లాక తేడా అనిపిస్తే మళ్లీ వెళ్లడం మామూలే. నాకు కొన్నాళ్లు ఆ పన్ను మిగతావాటికంటే ముందే తగులుతున్నట్టు ఉండి, కొరికితే నొప్పి పుట్టేది. నరం లేని పన్నుకి నొప్పేమిటి అనిపిస్తుంది. వేరుకీ ఎముకకీ మధ్య ఉండే పలుచని పొరకి స్పర్శ ఉంటుంది, ఎత్తు ఎక్కువై దెబ్బ పడుతుంటే అదే మూలుగుతుంది. కాస్త అరగదీసి, ఆ చోటుని మళ్లీ పాలిష్ చేశాక తగ్గిపోయింది. పాలిష్ సంగతి గుర్తుచేయండి, ఇందాక చెప్పిన గరుకు ఇక్కడే మిగిలిపోతుంది. అతికించాక చిగురు కింద సిమెంటు ముక్కలు మిగలకుండా శుభ్రం చేశారో లేదో కూడా అడగండి.

ఎన్నాళ్లు ఉంటుందంటే, 10-15 ఏళ్లు మామూలుగా చెప్పే మాట, అంతకు మించి ఉండేవీ చాలా ఉన్నాయి. క్యాప్ పుచ్చదు, దాని అంచు దగ్గర బయటపడి ఉన్న అసలు పన్ను పుచ్చుతుంది. నరం లేదు కాబట్టి పుచ్చినా తెలియదు, అదీ చిక్కు. చిగురు అంచున బ్రష్, సందుల్లో ఫ్లాస్, అప్పుడప్పుడు ఎక్స్‌రే, ఇవి తప్పవు. నిద్రలో పళ్లు నూరే అలవాటు ఉంటే రాత్రిళ్లు పళ్లకి పెట్టుకునే తొడుగు, నైట్ గార్డ్ గురించి ఇప్పుడే మాట్లాడండి, ఏ క్యాప్‌కైనా ఆ నూరడం పెద్ద శత్రువు. ఎప్పుడైనా క్యాప్ ఊడివస్తే కడిగి దాచి డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి. చాలాసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు. ఇంట్లో ఉన్న ఫెవిక్విక్‌తో మాత్రం అతికించుకోకండి, వంకరగా అతుక్కుంటే తీయడానికి క్యాప్‌ని కోయాల్సి వస్తుంది.